ఎండ, చర్మ క్యాన్సర్: రోజూ మీరు ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారు?

నీలిగొడుగు:
అందరికీ నమస్కారం. ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం గురించి ఎక్కడ మాట మొదలైనా ఏ సన్‌స్క్రీన్ మంచిది, ముఖం జిడ్డు అవుతుందా, తెల్లగా పూత కనబడుతుందా అన్న దగ్గరే ఆగిపోతోంది. నా టెన్షన్ అందం గురించి కాదు. సూర్యకాంతి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1992లోనే తేల్చింది, పొగాకు ఉన్న మొదటి గ్రూపులోనే దాన్నీ పెట్టింది. పొగాకు సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎండ సంగతి చదువుకున్నవాళ్లు కూడా పట్టించుకోరు.

మా దగ్గరి బంధువు ఒకాయనకి ముక్కు పక్కన చిన్న నల్లటి బుడిపె వచ్చింది. అంచు నిగనిగలాడుతూ ఉండేది, మధ్యలో పెచ్చు కట్టేది, ముఖం తుడుచుకున్నప్పుడు ఆ పెచ్చు ఊడి ఒక చుక్క రక్తం వచ్చేది, నాలుగు రోజులకి మళ్లీ పెచ్చు. అందరూ పుట్టుమచ్చే అనుకున్నారు. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే బేసల్ సెల్ కార్సినోమా అనే ఒక రకం చర్మ క్యాన్సర్ అని వచ్చింది. కోసి తీసేశారు, ఇప్పుడు బాగున్నారు. జీవితమంతా ఆరుబయట పని చేసిన మనిషి ఆయన.

అందుకే ఈ టాపిక్ పెడుతున్నా. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, తెలియనివాళ్లు మొహమాటపడకుండా అడగండి.

సైట్_సూపర్‌వైజర్:
మంచి టాపిక్ అండి. నేను కట్టడాల పనిలో ఉంటాను, పొద్దున ఎండలోకి దిగితే సాయంత్రం దాకా అంతే. సన్‌స్క్రీన్ రాసుకోమని అందరూ చెబుతారు గానీ సిమెంటు దుమ్ములో చెమట పట్టాక అది ముఖం మీద మిగలదు, కళ్లలోకి కారి మండుతుంది కూడా. కుర్రాళ్ల చేతిలో ట్యూబు పెట్టి రెండు గంటలకోసారి రాసుకోండి అంటే అయ్యే పనేనా? మాలాంటివాళ్లకి కుదిరేది ఏదైనా ఉంటే చెప్పండి.

డెర్మ్_పీజీ:
సూపర్‌వైజర్ గారూ, మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విషయంలో అందరికంటే ఎక్కువ ప్రమాదం మీకే, అందరికంటే తక్కువ మాట్లాడేదీ మీ గురించే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా ఇచ్చాయి. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లతో జరిగే మరణాల్లో దాదాపు మూడోవంతు, ఎండలో పని చేయడం వల్లే జరుగుతున్నాయట. ప్రపంచంలో 160 కోట్ల మంది పని పేరుతో ఎండకి గురవుతున్నారని కూడా అందులోనే ఉంది.

సన్‌స్క్రీన్ చివరి వరసలోది. ముందు నీడ, తర్వాత బట్ట, తర్వాత టోపీ, ఇవన్నీ అయ్యాక ఇంకా బయట మిగిలే చర్మానికి సన్‌స్క్రీన్. బట్టకి ఉన్న సుగుణం ఏమిటంటే చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు, ఎంత మందంగా రాశామా అన్న లెక్క లేదు. నేత దగ్గరగా ఉన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా, వదులుగా ఉండేది, కాలరు ఉంటే ఇంకా మంచిది. బట్టని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, అవతలి వెలుతురు బాగా కనబడుతోందంటే యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) కూడా అలాగే దూరుతుంది. పలచటి తెల్ల కాటన్ బనియన్ లాంటివి తడిస్తే ఇంకా తక్కువ ఆపుతాయి. ఒకే నేతలో లేతరంగు కంటే ముదురురంగు ఎక్కువ ఆపుతుంది. కొన్ని బట్టల మీద యూపీఎఫ్ అని అంకె వేస్తారు, 50 అంటే తగిలిన యూవీలో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వెళ్తుందని. అది లేకపోయినా మందపాటి మామూలు చొక్కా చాలా పని చేస్తుంది.

ఇక టోపీ. ముందు మాత్రమే అంచు ఉండే క్యాప్ చెవుల్నీ మెడ వెనక భాగాన్నీ వదిలేస్తుంది, పని చేసేవాళ్లలో క్యాన్సర్లు వచ్చేదేమో సరిగ్గా చెవి అంచు, మెడ, కింది పెదవి, ముంజేతుల మీద. చుట్టూ కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల అంచు ఉన్నది కావాలి. హెల్మెట్ తప్పనిసరి అయిన చోట దానికి తగిలించే అంచులు, మెడ వెనక వేలాడే బట్ట దొరుకుతాయి, అవి పెట్టించండి.

మీ చేతిలో ఉన్న అన్నింటికంటే పెద్ద మందు పని వేళలు. రోజు మొత్తం మీద పడే యూవీలో సగానికి పైగా, మధ్యాహ్నానికి అటూ ఇటూ ఉన్న నాలుగు గంటల్లోనే పడుతుంది. స్లాబు మీద పని పొద్దున్నే పెట్టి, ఆ నాలుగు గంటల్లో లోపలి పనులు చేయించగలిగితే ఏ క్రీమూ ఇవ్వలేని రక్షణ దొరుకుతుంది.

సైట్_సూపర్‌వైజర్:
ఇది కుదురుతుంది. పని వేళలు మార్చడం నా చేతిలోనే ఉంది. మెడ వెనక బట్ట సంగతి కూడా కనుక్కుంటాను. థ్యాంక్స్ డాక్టర్ గారూ.

మేడమీదమొక్కలు:
నాకు మొదటి నుంచీ ఉన్న సందేహం. ఎండ తగిలితే క్యాన్సర్ ఎలా వస్తుంది? కాలితే పుండు పడుతుంది, మానిపోతుంది, అంతే కదా. అది క్యాన్సర్ దాకా ఎలా వెళ్తుంది?

డెర్మ్_పీజీ:
మంచి ప్రశ్న. నేల దాకా వచ్చే యూవీలో రెండు రకాలు. యూవీఏ, యూవీబీ. దాదాపు 95 శాతం యూవీఏనే. యూవీబీ తక్కువే గానీ దెబ్బ సూటిగా కొడుతుంది. చర్మం పైపొర కణాల్లో డీఎన్ఏ మీద పడి, పక్కపక్కన ఉన్న రెండు అక్షరాల్ని, ముఖ్యంగా రెండు థైమీన్లని ఒకదానికొకటి అతికించేస్తుంది. ఇలాంటి అతుకులు ఎండలో నిలబడిన ప్రతిసారీ పడుతూనే ఉంటాయి, కమిలినా కమలకపోయినా. కణం వాటిని వెతికి కత్తిరించి సరిచేసుకుంటుంది. కొన్ని మిగిలిపోతాయి. కణం విచ్చలవిడిగా పెరగకుండా కాపలా కాసే పీ53 అనే జన్యువులోనే అలాంటి తప్పు మిగిలిపోతే, ఆ కణానికి అడ్డు చెప్పేది ఉండదు. యూవీఏ ఇంకా లోతుకి దిగుతుంది, ముడతలు ఎక్కువగా దాని వల్లే, డీఎన్ఏని పరోక్షంగా అది కూడా పాడు చేస్తుంది.

ఈ మరమ్మతు ఎంత ముఖ్యమో జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే అరుదైన జన్యు జబ్బు చూస్తే అర్థమవుతుంది. ఆ పిల్లల్లో పుట్టుకతోనే ఈ సరిచేసే ఏర్పాటు పని చేయదు. చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు మొదలవుతాయి. పగలు బయటికి రావాలంటే ఒళ్లంతా కప్పుకోవాలి. మన శరీరం రోజూ చడీచప్పుడు లేకుండా చేసే మరమ్మతు వాళ్లకి లేదు, అంతే తేడా.

కాబట్టి కమిలినప్పుడే నష్టం అనుకోకండి. కమలడం అంటే దెబ్బ మరీ ఎక్కువైందని.

నల్లకలువ:
నాది ముదురు చాయ. నాకు ఎండకి ఎర్రబడటం, తోలు ఊడటం ఎప్పుడూ లేదు. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు అనే విన్నాను. నాకు ఇదంతా అవసరమా? నిజాయతీగా చెప్పండి, భయపెట్టడానికి కాకుండా.

డెర్మ్_పీజీ:
నిజాయతీగానే చెబుతానండి. మీ ప్రమాదం తెల్లచర్మం వాళ్లకంటే చాలా తక్కువ. బాగా ముదురు చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం దానంతటదే సుమారు 13 ఎస్పీఎఫ్ (సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉండే రక్షణ అంకె) అంత రక్షణ ఇస్తుందని పాత కొలతల్లో తేలింది. ఆస్ట్రేలియా నిపుణులు 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా చర్మం రంగుని బట్టి సలహా మార్చారు. బాగా ముదురు రంగువాళ్లకి రోజూ సన్‌స్క్రీన్ అక్కర్లేదని, చాలాసేపు ఎండలో ఉండాల్సి వస్తే మాత్రం కాపాడుకోవాలని. మధ్యరకం చాయ ఉన్నవాళ్లు తెల్లచర్మం వాళ్లకీ బాగా ముదురు రంగువాళ్లకీ మధ్యలో వస్తారు, చామనఛాయ అనగానే ప్రమాదం లేదని కాదు.

ముదురు చర్మంలో ఇంకో సమస్య ఉంది, దాన్ని సన్‌స్క్రీన్ ఆపలేదు. మెలనోమా వచ్చినప్పుడు అరికాలు, అరచేయి, గోరు కింద ఎక్కువగా వస్తుంది. అక్కడ ఎండ పడదు, దానికీ ఎండకీ సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లే చనిపోయింది దీనితోనే. కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది, 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్లకే పోయారు. మనకి రాదులే అనుకోవడం వల్ల ముదురు రంగువాళ్లలో ఈ జబ్బు ముదిరాకే దొరుకుతుంది, అదే అసలు నష్టం. స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ కూడా అంతే, పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద మొదలవుతుంది. మీరు రోజూ క్రీమ్ రాసుకోలేకపోయినా ఫర్వాలేదు, స్నానం తర్వాత అప్పుడప్పుడు అరికాళ్లు తిప్పి చూసుకోండి, వేళ్ల సందులు కూడా.

నల్లకలువ:
అరికాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు నాకు ఇంతవరకూ. చాలా థ్యాంక్స్ అండి.

హైవే_డ్రైవర్:
అన్నా, మేము రోజంతా బండిలోనే ఉంటాం, అద్దాలు ఎత్తేసి ఏసీ వేసుకుంటాం. మాకు ఎండ తగలదుగా?

నీలిగొడుగు:
తమ్ముడూ, ఇది నేను చదివాను. 2012లో ఒక పెద్ద వైద్య పత్రిక ఒక ఫొటో వేసింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖం అది. కిటికీ వైపున్న ఎడమ సగం చర్మం దళసరిగా, లోతైన ముడతలతో, కింద వేలాడిపోయి ఉంటుంది. కుడి సగం ఆ వయసుకి మామూలుగా ఉంది. ఒకే మనిషి, ఒకే వయసు. ఆ ఫొటో చూశాక నాకు ఇక ఏ వాదనా అక్కర్లేకపోయింది. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, అందుకే లోపల కమలదు, కానీ యూవీఏ దూరి వస్తుంది.

డెర్మ్_పీజీ:
అవును. ఒక చిన్న వివరం కలుపుతాను. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న అద్దం కాబట్టి యూవీఏని కూడా బాగానే ఆపుతుంది. పక్క అద్దాలు బండిని బట్టి మారతాయి. డ్రైవర్ వైపు చేతికి ఫుల్ హ్యాండ్స్ వేయండి, లేదా మోచేతి పైదాకా వచ్చే తొడుగులు. కిటికీ పక్కనే కూర్చుని గంటల తరబడి పని చేసే ఆఫీసు వాళ్లకీ ఇది వర్తిస్తుంది, ఒక తెర వేసుకుంటే సరిపోతుంది.

కొండదారి:
నేను ట్రెక్కింగులకి వెళ్తుంటాను. చల్లగా గాలి వీస్తుంటే ఎండ గుర్తే ఉండదు. కానీ వేడి వేరు, యూవీ వేరు అని అక్కడే తెలుస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది. తాజా మంచు అయితే పడిన యూవీలో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, అంటే గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా కమిలిపోతుంది. పలచటి మబ్బుని యూవీ దాటుకుని వచ్చేస్తుంది. నీళ్లలో ఉన్నా అంతే, అర మీటరు లోతున కూడా పైన ఉన్నదాంట్లో నలభై శాతం ఉంటుంది.

నేను ఫోనులో వాతావరణంతో పాటు యూవీ ఇండెక్స్ కూడా చూస్తాను. 3 నుంచి జాగ్రత్త మొదలు, 8 నుంచి చాలా ఎక్కువ, 11, ఆపైన ఉంటే అత్యంత తీవ్రం. ఫోను లేకపోతే మన నీడ చూసుకోవడమే. నీడ మనకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టు, పొడుగ్గా ఉందంటే తగ్గినట్టు. పిల్లలకి కూడా ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఫార్మసీ_సునీత:
సన్‌స్క్రీన్ గురించి నేను రాస్తాను, రోజూ ఇదే అడుగుతారు కౌంటరు దగ్గర.

అందరూ అంకె చూస్తారు, ఎంత రాయాలో చూడరు. ఎస్పీఎఫ్ 30 యూవీబీలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. అంటే 30కీ 50కీ తేడా అందరూ అనుకున్నంత లేదు. కానీ ఆ అంకె ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. మనుషులు మామూలుగా రాసుకునేది అందులో పావు నుంచి సగం. కాబట్టి డబ్బా మీద 50 ఉన్నా ముఖం మీద అంత ఉండదు. లెక్క ఇలా పెట్టుకోండి: ముఖం, మెడ, చెవులు కలిపి ఒక టీస్పూను, ఒక్కో చేతికి ఒక టీస్పూను, ఒక్కో కాలికి ఒకటి, ఒంటి ముందు వైపుకి ఒకటి, వెనక వైపుకి ఒకటి. మొత్తం ఏడు, అంటే 35 మిల్లీలీటర్లు. ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే ఇందులో చాలా భాగం మిగిలిపోతుంది, డాక్టరు గారు బట్ట ముందు అన్నది ఇందుకే.

బయటికి వెళ్లే 15, 20 నిమిషాల ముందు రాయాలి. రెండు గంటలకోసారి మళ్లీ. ఈతకొట్టినా, చెమట బాగా పట్టినా, టవలుతో గట్టిగా తుడుచుకున్నా మళ్లీ. నీళ్లకి తట్టుకుంటుందని రాసి ఉన్నా అది కొంతసేపే. ఎస్పీఎఫ్ అంటే యూవీబీ లెక్క మాత్రమే, యూవీఏ కోసం బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉందో లేదో, పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడండి, ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది. ఎండలో ఆపిన బండిలో ట్యూబు వదిలేస్తే మందు పాడవుతుంది. గడువు తేదీ దాటితే పారేయండి.

ఎక్కువమంది మర్చిపోయే చోట్లు: చెవులు, మెడ వెనక, పాపిడి, జుట్టు పలచబడిన నెత్తి, పాదాల పైభాగం, పెదవులు. కింది పెదవి మీద వచ్చే క్యాన్సర్ కాస్త మొండిది, ఎస్పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వాడండి.

ఇంకోటి, ఇది మా వృత్తికి సంబంధించింది కాబట్టి గట్టిగా చెబుతున్నా. కొన్ని మందులు చర్మాన్ని ఎండకి తట్టుకోకుండా చేస్తాయి. డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నప్పుడు మామూలు ఎండకే కమిలిపోవచ్చు. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్‌ని ఏళ్ల తరబడి వాడితే మెలనోమా కాని చర్మ క్యాన్సర్ల ప్రమాదం పెరుగుతుందని 2018లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర ఆపేయొద్దు, దయచేసి. మీ డాక్టరుని అడగండి, ఎండలో జాగ్రత్త పెంచుకోండి. కిడ్నీ లాంటి అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు మాత్రం ఈ మొత్తం విషయంలో అందరికంటే జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు వాడే మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి కాబట్టి స్క్వామస్ సెల్ క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాళ్లకి ఏడాదికోసారైనా చర్మ పరీక్ష కావాలి.

ప్రకృతిబాట:
సునీతక్కా, మీరు చెప్పేది గౌరవిస్తాను గానీ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, ఈ క్రీముల్లో రసాయనాలు రక్తంలోకి వెళ్తున్నాయని రుజువైంది కదా. రెండు, ఎండ లేకపోతే విటమిన్ డి ఎక్కడి నుంచి వస్తుంది? సూర్యుడితోనే బతికాం ఇన్ని వేల ఏళ్లు.

ఫార్మసీ_సునీత:
రెండూ అడగాల్సిన ప్రశ్నలే తమ్ముడూ.

రక్తంలోకి వెళ్లడం నిజం. అమెరికా ఆహార ఔషధ సంస్థ వాళ్లే పరీక్ష చేసి 2019లో ప్రచురించారు. అవోబెంజోన్, ఆక్సీబెంజోన్ లాంటివి, ఇంకా పరీక్షలు చేయాలి అనే హద్దు దాటి రక్తంలో కనిపించాయి. కానీ కనిపించడం వేరు, హాని చేయడం వేరు. హాని చేసినట్టు ఆ పరీక్ష చూపించలేదు, వాడటం ఆపొద్దని ఆ సంస్థే చెప్పింది. మనసు ఒప్పకపోతే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి తీసుకోండి. అవి చర్మం పైనే ఉంటాయి. ముఖం మీద కాస్త తెల్లగా కనబడతాయి, అంతే. సముద్రంలో ఈతకి వెళ్లేవాళ్లకి కూడా అవే మంచివి, పగడపు దిబ్బల కోసం హవాయి రాష్ట్రం ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 నుంచి ఆపేసింది.

విటమిన్ డి సంగతి డాక్టరు గారు చెబితే బాగుంటుంది.

డెర్మ్_పీజీ:
విటమిన్ డి కావాలంటే ఒళ్లు మాడ్చుకోనక్కర్లేదు. ముఖం, చేతులకి కొద్దిసేపు తగిలే ఎండతో చాలామందికి తయారవుతుంది, పైగా ఒక స్థాయి దాటాక ఎంతసేపు నిలబడినా చర్మం అదనంగా తయారు చేయదు, డీఎన్ఏ దెబ్బ మాత్రం పెరుగుతూనే పోతుంది. ముదురు చర్మం వాళ్లకి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి, అందుకే వాళ్లకి సలహా సడలించారని పైన రాశాను. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి. మాత్రతో తీరే లోటు కోసం చర్మాన్ని పణంగా పెట్టడం ఎందుకు?

వేల ఏళ్లు ఎండలో బతికాం, నిజమే. కానీ చర్మ క్యాన్సర్ ఎక్కువగా పెద్ద వయసులో వచ్చేది. ఇప్పుడు మనం ఆ వయసు దాకా బతుకుతున్నాం.

ప్రకృతిబాట:
సరే, జింక్ ఆక్సైడ్ సంగతి చూస్తాను. కానీ ఒకటి అడగాలి. సన్‌స్క్రీన్ నిజంగా క్యాన్సర్ ఆపుతుందని మనుషుల మీద ఎవరైనా చూశారా, లేక లెక్కలతో చెబుతున్నారా?

డెర్మ్_పీజీ:
చూశారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నాంబూర్ పట్టణంలో, 1992 నుంచి 1996 దాకా. 1,621 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. ఒక భాగం వాళ్లకి తల, మెడ, చేతుల మీద రోజూ రాసుకోమని సన్‌స్క్రీన్ ఇచ్చారు, రెండో భాగం వాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్నవాళ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. ఆ తర్వాత మరో పదేళ్లు గమనించి 2011లో ప్రచురించినప్పుడు మెలనోమాలు 22 బదులు 11 మాత్రమే ఉన్నాయి. బేసల్ సెల్ క్యాన్సర్లలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు, అది కూడా చెప్పాలి. వాళ్లలో ఎక్కువమంది తెల్లచర్మం వాళ్లు కాబట్టి ఆ అంకెల్ని మనకి ఉన్నవున్నట్టు అన్వయించలేం. కానీ రోజూ వాడితే పని చేస్తుందా అన్న మీ ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు లేదు. అందులో కీలకం రోజూ అన్న మాటే. సెలవుల్లో బీచికి వెళ్లినప్పుడు మాత్రమే రాసుకోవడం వేరే సంగతి.

ఇంకో ప్రమాదం చూస్తుంటాను. సన్‌స్క్రీన్ రాసుకున్నాం కదా అని మిట్టమధ్యాహ్నం ఇంకో మూడు గంటలు ఎక్కువ ఉంటారు. అలా వాడితే వచ్చిన లాభమంతా పోతుంది.

పీఈటీ_టీచర్:
స్కూల్లో ఆటలు నేర్పిస్తాను. చిన్నప్పుడు బొబ్బలెక్కేలా కమిలిపోయిన పిల్లలకి పెద్దయ్యాక మెలనోమా ప్రమాదం ఎక్కువని చదివి, ఆటల పీరియడ్ మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మార్చమని అడిగాను. టైమ్‌టేబుల్ కుదరదన్నారు. పట్టు వదలకుండా అడిగితే చిన్న క్లాసుల వరకు మార్చారు. టోపీ లేకపోతే చెట్టు కింద ఆటలే అని నియమం పెట్టాను, ఇప్పుడు పిల్లలే ఒకరికొకరు గుర్తుచేసుకుంటున్నారు.

ఆస్ట్రేలియాలో 1981లో స్లిప్, స్లాప్ (slop), స్లాప్ (slap) అని ఒక ప్రచారం మొదలుపెట్టారు, చొక్కా వేసుకో, సన్‌స్క్రీన్ రాసుకో, టోపీ పెట్టుకో అని. సిడ్ అనే సీగల్ (సముద్రపు పక్షి) బొమ్మ పాట పాడుతుంది అందులో. తర్వాత నీడ వెతుక్కో, కళ్లజోడు పెట్టుకో అని ఇంకో రెండు కలిపారు. పిల్లలతో ఇలా ఆటగా చెబితేనే నిలుస్తుంది.

ఆరు నెలల లోపు పిల్లల సంగతి ఎవరైనా చెప్పండి, మా చెల్లెలికి పాప ఉంది.

ఫార్మసీ_సునీత:
ఆరు నెలల లోపు పిల్లల్ని నేరుగా ఎండలోకి తీసుకెళ్లకపోవడమే పద్ధతి సార్. నీడ, ఒళ్లు కప్పే పలచటి బట్టలు, టోపీ. ఆ వయసులో సన్‌స్క్రీన్ మీద ఆధారపడొద్దు. తప్పనిసరైతే పిల్లల డాక్టరుని అడిగి వాడాలి.

కళ్లజోడు గురించి కూడా చెప్పేస్తాను. నలుపు ఎక్కువ ఉంటే రక్షణ ఎక్కువ అనుకుంటారు. కాదు. యూవీ 400 అని ఉండాలి. యూవీ ఆపని నల్లద్దం ఇంకా చెడ్డది, చీకటిగా ఉండటంతో కంటిపాప పెద్దదై ఎక్కువ యూవీ లోపలికి వెళ్తుంది. రెప్పల మీద కూడా చర్మ క్యాన్సర్ వస్తుంది, అక్కడ క్రీమ్ రాయడం కష్టం కాబట్టి కళ్లజోడే దిక్కు.

జిమ్_వంశీ:
మా జిమ్ పక్కన టానింగ్ బెడ్లు (యూవీ దీపాలతో చర్మానికి రంగు తెచ్చే యంత్రాలు) పెట్టారు. ముందు కొంచెం రంగు తెచ్చుకుంటే తర్వాత ఎండకి కాలదని చెబుతున్నారు. నిజమేనా బ్రో?

డెర్మ్_పీజీ:
కాదు. ఆ రంగు రావడమే డీఎన్ఏ దెబ్బతిన్నదన్న గుర్తు, దాని వల్ల వచ్చే రక్షణ ఏమూలకూ రాదు. ఆ యంత్రాల్ని కూడా 2009లో మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో చేర్చారు. బ్రెజిల్ అదే ఏడు నిషేధించింది. దాని జోలికి వెళ్లకండి, దయచేసి.

మేడమీదమొక్కలు:
చివరిగా ఒకటి. ఒంటి మీద ఇన్ని మచ్చలుంటాయి, ఏది చూపించాలి, ఏది వదిలేయాలి? ప్రతిదానికీ పరిగెత్తలేం కదా.

డెర్మ్_పీజీ:
అన్నింటికీ పరిగెత్తనక్కర్లేదు. పుట్టుమచ్చ అయితే ఐదు విషయాలు చూడండి. రెండు సగాలు ఒకదానికొకటి పోలకుండా ఉండటం, అంచు వంకరటింకరగా లేదా చెదిరినట్టు ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లకి మించిన వెడల్పు, మారుతూ ఉండటం. వీటిలో చివరిదే అన్నింటికంటే ముఖ్యం. చిన్నప్పటి నుంచి అలాగే ఉన్న మచ్చ వేరు, ఆర్నెల్లలో పెరిగింది వేరు. మిగతా మచ్చల్లా లేకుండా ఒక్కటే తేడాగా కనిపించినా చూపించండి.

మానని పుండు ఇంకో గుర్తు. నాలుగు వారాలు దాటినా మానకపోతే, లేదా నీలిగొడుగు గారు రాసినట్టు మానినట్టే మాని మళ్లీ రక్తం వస్తుంటే చూపించాల్సిందే. మన చర్మం మీద బేసల్ సెల్ క్యాన్సర్ తరచుగా నల్లగా నిగనిగలాడుతుంది కాబట్టి పుట్టుమచ్చ అని మోసపోతాం. ఎండ తగిలే చోట గరుకుగా, గీరితే ఊడి మళ్లీ వచ్చే పొలుసు మచ్చలు కూడా చూపించండి, వాటిలో కొన్ని క్యాన్సర్‌కి ముందు దశ, అప్పుడే తీసేయడం తేలిక.

నల్లకలువ:
గోళ్లలో నిలువు చారలు నాకు నాలుగైదు వేళ్లకి ఉన్నాయండి, చిన్నప్పటి నుంచీ. పైన గోరు గురించి చదివాక భయం పట్టుకుంది.

డెర్మ్_పీజీ:
ముదురు చర్మం వాళ్లకి చాలా గోళ్లలో సన్నటి చారలు ఉండటం మామూలే, ఏళ్లుగా అలాగే ఉంటే కంగారు పడకండి. ఒక్క గోరులోనే కొత్తగా చార వచ్చి వెడల్పు అవుతుంటే, మొదట్లో వెడల్పుగా చివర్లో సన్నగా ఉంటే, గోరు పక్క చర్మంలోకి నలుపు పాకితే, గోరు చీలుతుంటే వెంటనే చర్మవైద్యులకి చూపించాలి. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిన నలుపైతే గోరుతో పాటు ముందుకి జరిగిపోతుంది, జరగకుండా అక్కడే ఉంటే అది దెబ్బ కాదు.

మీ గోళ్లకీ అరికాళ్లకీ ఈరోజే ఫొటోలు తీసి పెట్టుకోండి. పక్కన ఒక స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, తేదీతో సహా. మూడు నెలల తర్వాత అలాగే తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ రెండు ఫొటోలూ పట్టుకుని వెళ్లండి, డాక్టరుకి సగం పని అయిపోతుంది.

నల్లకలువ:
ఇప్పుడే తీస్తున్నానండి. అమ్మవి కూడా తీస్తాను, ఆవిడ పాదాలు ఆవిడ వంగి చూసుకోలేదు.